వెనక చక్రం రాపిడి

మా తమ్ముడు మళ్ళీ బండి తోసుకుంటూ వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, చొక్కా వీపుకి అతుక్కుపోయి, ముఖం కందగడ్డలా చేసుకుని వస్తున్న వాణ్ని వీధి మలుపులో చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పనిముట్ల ఇనప పెట్టె వెనక కట్టుకుని దర్జీ కొట్లన్నీ తిరిగితే తప్ప వాడి రోజు గడవదు. వాడి బావ, అంటే మా ఆయన, చేతిలో బాగుపడి వెళ్ళిన బండి వారం తిరక్కుండా మళ్ళీ మా ఇంటిముఖం పట్టిందంటే ఎవరిని తిట్టాలో తెలియలేదు. అందుకని ముందు వాణ్నే తిట్టాను.

"నన్నెందుకు తిడతావక్కా? బండి నన్ను మొయ్యాలి గానీ నేను బండిని మోస్తున్నాను" అన్నాడు చిట్టి.

ఇంట్లో అందరికంటే చిన్నవాడని చిట్టి అన్నాం. ఇప్పుడు వాడి బొజ్జ వాడికంటే ముందు గుమ్మం దాటుతుంది గానీ పేరు అదే ఉండిపోయింది. బండి కూడా వాడి వయసుకి తగ్గదే. ఆ మోడలు తయారుచేయడం మానేసి ఎన్నాళ్ళయిందో కంపెనీవాళ్ళకే గుర్తుండదు. మార్చెయ్యరా అంటే, ఇది పోతే నేనూ పోయినట్టే అంటాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఈ విషయంలో బావకీ బావమరిదికీ తేడా లేదు.

మాది స్పేరు పార్టుల కొట్టు. ముందు కొట్టులో నేను, నా వెనక షెడ్డులో మా ఆయన, షెడ్డు వెనక రెండు గదుల్లో మా కాపురం. కొట్టుకీ షెడ్డుకీ మధ్య తలుపు కూడా లేదు. బేరింగు కావాలంటే ఆయన అక్కణ్ణుంచి కేకేస్తారు, భోజనం వేళయితే నేను ఇక్కణ్ణుంచి కేకేస్తాను. నా గొంతు సంగతి వీధి మొత్తానికి తెలుసు. నేను చెవిలో చెప్పిన రహస్యానికి పక్క సందువాళ్ళు వచ్చి సలహా ఇచ్చి వెళ్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంజన్ల మోతలో బతికినదాన్ని, ఇంకెలా మాట్లాడతాను?

మా ఆయన్ని అందరూ చెవుల మేస్త్రీ అంటారు. చూడ్డానికి మామూలు చెవులే. కానీ బండి మలుపు తిరుగుతుండగానే, చేతిలో పని మీంచి తలెత్తకుండా, చైను సాగిందనో సైలెన్సరు బోల్టు వదులైందనో చెప్పేసేవారు. అబద్ధమని పందెం కాసినవాళ్ళంతా టీ తాగించి పోయినవాళ్ళే. ఎదురుగా కొత్త షెడ్డు వచ్చింది. అక్కడ బండిని నడుమెత్తుకి లేపే బల్ల ఉంది, క్షణంలో నట్లు విప్పే గాలి మిషను ఉంది, కూర్చోడానికి కుర్చీలున్నాయి. మా దగ్గర ఉన్నవి ఆయన చెవులు. ఆ చెవుల మీద నమ్మకం ఉన్నవాళ్ళు మా దగ్గర మిగిలారు, లేనివాళ్ళు రోడ్డు దాటారు. ఆ నమ్మకం కూడా పోయిననాడు మా షెడ్డు గుమ్మం ఎవరూ తొక్కరు. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలుసు, ఎదురు షెడ్డువాడికి ఇంకా బాగా తెలుసు.

అందుకే చిట్టి బండి మళ్ళీ రావడం నాకు అంత మంట. సొంత బావమరిది బండే బాగుచేయలేకపోతే ఊళ్ళోవాళ్ళ బళ్ళేం బాగుచేస్తాడు అని ఎవడైనా అంటాడు.

వెనక చక్రం బిగుసుకుపోతోంది. అదీ రోగం. బయల్దేరినప్పుడు బాగానే ఉంటుందట. రెండు వీధులు దాటేసరికి ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుందట. ఆ తర్వాత మాడు వాసన. ఆగి చెయ్యి పెడితే చక్రం మధ్యలో బ్రేకు డ్రమ్ము పెనంలా కాలుతోందట. మొదట వచ్చినప్పుడు చైను మరీ బిగువుగా ఉందని వదులు చేసి పంపారు. తర్వాత వచ్చినప్పుడు బేరింగులు అనుమానించి నా దగ్గర కొత్తవి అడిగి తీసుకుని వేశారు. రెండుసార్లూ, ఇప్పుడు పట్టుబడింది దొంగ, అన్నారు. దొంగ మాత్రం దొరలా తిరుగుతూనే ఉన్నాడు.

రోడ్డు అవతల ఎదురు షెడ్డువాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఇటే చూస్తున్నాడు. ఆయన బండిని పెద్ద స్టాండు మీదకి లాగి, కింద గోనె పరుచుకుని కూర్చున్నారు.

ఎంత కోపంలో ఉన్నా పనిలో తొందర ఉండదు ఆయనకి. ముందు చైను తీసేసి చక్రం తిప్పి చూశారు. బిగువే. అంటే చైనుదీ తప్పు కాదు, ఇంజనుదీ కాదు. ఇరుసు నట్టు వదులు చేశారు. ఏమీ తేడా లేదు. కాబట్టి బేరింగుల మీద పడిన నింద కూడా పోయింది. అప్పుడు బ్రేకు రాడ్డు చివర ఉన్న నట్టు మొత్తం ఊడదీసి తిప్పారు. చక్రం గిర్రున తిరిగింది, తిరుగుతూనే ఉంది. చిట్టి నోరు తెరిచాడు. రోగం బ్రేకులోనే ఉందిరా, కొండని తవ్వి ఎలకని పట్టినట్టయింది అన్నారు ఆయన, కొంచెం తేలికపడి.

చక్రం ఊడదీసి డ్రమ్ము తెరిస్తే, లోపలి నుంచి దాన్ని ఒత్తి చక్రాన్ని ఆపే బ్రేకు షూలు నల్లగా, నున్నగా మాడిపోయి ఉన్నాయి. షూలని తోసే ఇరుసు ముక్క పొడిబారి ఉంది. దాన్ని బయటికి తీసి, తుప్పు గీకి, గ్రీజు రాసి, వేలితో తిప్పి చూసుకున్నారు. స్ప్రింగులు బాగానే ఉన్నా మార్చారు. కొత్త షూలు నేనే డబ్బాలోంచి తీసిచ్చాను. ఇంక మార్చడానికి ఆ చక్రంలో ఏమీ మిగల్లేదు, గాలి తప్ప. ఇన్ని చేశాక కూడా తిరిగొస్తే ఆ బండికి దయ్యం పట్టినట్టే లెక్క అని నేను పెద్దగా అన్నాను. ఎదురు షెడ్డువాడికి వినపడాలనే అన్నాను.

ఇక బ్రేకు బిగించడం ఒక్కటీ మిగిలింది. దానికి ఆయన కొలత వేరు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో రాడ్డు నట్టు బిగిస్తూ పోతారు. లోపల షూ డ్రమ్ముని తాకిన మొదటి రాపిడి 'స్స్' మని వినపడగానే ఆపుతారు. అక్కణ్ణుంచి ఒక చుట్టు వెనక్కి వదులుతారు. అంతే. తొక్కితే బండి ఉన్నచోట ఆగుతుంది, తొక్కకపోతే చక్రం గాలికి తిరుగుతుంది. ఆ సద్దు వినడానికి షెడ్డంతా నిశ్శబ్దంగా ఉండాలి. రేడియో కట్టేయాలి, బేరాలాడేవాళ్ళు నోరు కట్టేసుకోవాలి. నేనైనా సరే. లోకంలో నా నోరు మూయించగలిగిన పని అదొక్కటే.

ఆయన చెయ్యెత్తారు. రేడియో కట్టేశాను. చిట్టి గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టాడు. చక్రం తిరుగుతోంది. ఆయన నట్టు తిప్పుతున్నారు.

'స్స్' మంది.

కౌంటరు దగ్గర కూర్చున్న నాకే వినపడింది. ఇక ఆపుతారు, ఒక చుట్టు వదులుతారు అనుకున్నాను. ఆయన ఇంకో చుట్టు బిగించారు. సద్దు గరగరమంది. తల ఇంకా కిందికి వంచి, చెవి చక్రానికి తగిలేంత దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని ఇంకో సగం చుట్టు బిగించారు. గోడకి గరిటె పెట్టి గీస్తున్నంత రాపిడి. అప్పుడు ఆయన ముఖం విచ్చుకుంది. ఆఁ, ఇప్పుడు తగిలింది, అన్నారు. పద్ధతి ప్రకారం ఒక చుట్టు వెనక్కి వదిలారు. చక్రం ఇంకా రాసుకుంటూనే తిరుగుతోంది. ఆయన చెవి దానికి జానెడు దూరంలో ఉంది.

నేను చిట్టి వైపు చూశాను. చిట్టి నా వైపే చూస్తున్నాడు. వాడికీ వినపడింది.

నిజమో కాదో తేలాలి కదా. లేచి వెళ్ళి, ఆయన వీపు వెనక రెండడుగుల్లో నిలబడి, "ఏవండీ, కాఫీ పెట్టనా?" అన్నాను. అంత నెమ్మదిగా నేను నా జన్మలో మాట్లాడలేదు. పెళ్ళిచూపుల్లో కూడా. ఆయన పానా తుడుచుకుంటూ ఉండిపోయారు. కాఫీ అంటే నిద్రలో కూడా ఊఁ కొట్టే మనిషి. మళ్ళీ అడిగాను. పానా తుడవడం అయిపోయింది, గోనె దులుపుకుంటున్నారు. అప్పుడు నా మామూలు గొంతుతో అడిగాను.

"పక్కనే ఉన్నానుగా, ఎందుకే అలా అరుస్తావ్? పెట్టు" అన్నారు.

పొయ్యి దగ్గర నిలబడితే ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. నా గొంతు ఆయనకి వినపడుతుంది. ఇంజను మోత వినపడుతుంది. సుత్తి దెబ్బ వినపడుతుంది. వినపడనివి ఆ సన్న సద్దులే. ఆ సన్న సద్దులతో మా ఇంట్లో పనేముంది? నేను గొణిగే మనిషినైతే ఏనాడో బయటపడేది. వేరే ఎవరి మొగుడికైనా చెవి మందగిస్తే పెళ్ళాం వారంలో కనిపెడుతుంది. నేను మాత్రం రోజూ వీధి అదిరేలా మాట్లాడుతూ, ఈయన నా ప్రతి మాటా వింటున్నారనుకుంటూ బతికాను.

చక్రం కొంచెం బరువుగా తిరుగుతోందని ఆయన చేతికి తెలియకపోలేదు. కొత్త షూలు కదా, నాలుగు రోజులు నడిస్తే వదులవుతాయి అన్నారు. మా చిట్టి బొజ్జతో సహా ఎక్కి, ఇనప పెట్టె వెనక వేస్తే బండి వెనక భాగం కుంగుతుంది, రాడ్డు ఇంకొంచెం లాగుతుంది. రాసుకుంటున్న షూ వేడెక్కి ఇంకా పట్టేస్తుంది. రెండు వీధుల్లో చక్రం బిగుసుకుపోవడానికి దయ్యాలు అక్కర్లేదు.

ఆయన చేతులు కడుక్కోడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళారు. నేను గోనె మీద కూర్చుని, చక్రం తిప్పుతూ, రాపిడి ఆగేదాకా నట్టు వదిలి, ఇంకో చుట్టు వదిలాను. బ్రేకు తొక్కి చూశాను. ఆగింది. ఇన్నేళ్ళు కళ్ళప్పగించి చూసినందుకు ఆ మాత్రం వచ్చు. చిట్టి గుమ్మంలో కాపలా నిలబడ్డాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా ఇంట్లో నేనే దొంగనయ్యాను.

బండి మళ్ళీ రాలేదు. అంటే, తోసుకుంటూ రాలేదు. వారం తర్వాత చిట్టి దర్జాగా ఎక్కి వచ్చాడు. ఆయన సంతోషం చూడాలి. ఎదురు షెడ్డు వైపు తిరిగి మరీ, ఆ ఇరుసు ముక్క పొడిబారితే ఏ మిషనూ కనిపెట్టలేదురా, చెయ్యి తెలియాలి అన్నారు. చిట్టి తలూపాడు. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు, ఆ రోజు తలూపడం కూడా సరిగ్గా చేతకాలేదు.

ఆ తర్వాత ఏ బండి వచ్చినా అదే పని. ఆయన బ్రేకు బిగిస్తారు, చేతులు కడుక్కోడానికి వెళ్తారు, నేను వెళ్ళి వదులుతాను. కుళాయి మోత ఆగేలోపు కౌంటరు వెనక ఉండాలి. నా మోకాళ్ళకి ఆ పరుగు పడలేదు. కొంతకాలంగా ఆయనకి ఒక గర్వం పట్టుకుంది. నా చేతిలోంచి వెళ్ళిన బండి ఈమధ్య సద్దే చెయ్యట్లేదు చూశావా, అనేవారు. వయసొచ్చేకొద్దీ చెయ్యి తిరుగుతోందే, ఇన్నేళ్ళకి పని వచ్చినట్టుంది, అనేవారు. ఇదివరకు నేనూ నిజమే కాబోలు అనుకుని మురిసిపోయాను. ఇప్పుడు ఆ మాట వస్తే లేచి డబ్బాలు సర్దుకునేదాన్ని.

చిట్టి ఊరుకోలేదు. వాడు మిషను బాగుచేసే ఒక ఇంట్లో చెవుల డాక్టరు ఉన్నాడు. మనిషిని తీసుకురాకుండా ఏం చెప్పను అంటూనే ఆ డాక్టరు కొంత చెప్పాడట. మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి ముందు సన్న సద్దులే పోతాయట. పోయినవి రావట. మర అరిగిన నట్టులాంటిదక్కా, ఇంక పట్టు దొరకదు, అన్నాడు చిట్టి వాడి భాషలో. చెవికి పెట్టుకునే మిషను ఉందట కదా అన్నాను. మాటలకి పనికొస్తుందట గానీ షెడ్డులో పెట్టుకుంటే మోతే ఇంకా పెద్దదవుతుందట. ఆయన పనికి కావలసిన సద్దు అందులో దొరకడం కష్టమట. ఎలాగైనా చెప్పేద్దామక్కా, బావకి తెలియాలి అన్నాడు. చెప్పి ఆయనకి ఏం మిగులుస్తాంరా అని నేను వాడి మీద పడ్డాను. నోరెత్తితే నా గుమ్మం తొక్కొద్దన్నాను. ఆ కోపమంతా వాడి మీద కాదని వాడికీ తెలుసు, అందుకే ఊరుకున్నాడు.

కానీ నట్టు వదిలినంత తేలిక కాదు అన్నీ. లెక్కల మాస్టారు అని, ఎప్పట్నుంచో మా దగ్గరికే వచ్చే మనిషి, ఒకరోజు బండి తెచ్చారు. ఇంజనులో టిక్కు టిక్కుమని ఏదో సద్దు వస్తోందన్నారు. నాకు కౌంటరు దగ్గరికి వినపడుతోంది ఆ టిక్కు. మా ఆయన పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత లేచి, మాస్టారూ, ఇంజను బంగారంలా ఉంది, అనవసరంగా భయపడుతున్నారు, అన్నారు. మాస్టారు ఇంజను వైపు చూశారు, ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు. చెవుల మేస్త్రీ లేదన్నాక ఉందనడానికి తానెవరనుకున్నారో ఏమో, నమస్కారం పెట్టి ఆ టిక్కుతోనే వెళ్ళిపోయారు. దాన్ని ఏ కుళాయి చాటున నేను బాగుచేయగలను?

నాకు అప్పుడే తెలిసింది, ఇది ఎక్కువ కాలం సాగదని. తెలిసి కూడా మర్నాడు పొద్దున యథాప్రకారం నట్లు వదిలాను.

ఒక సాయంత్రం చిట్టి ఊరికే కాఫీకి వచ్చాడు. ఆయన మాటల్లో మాటగా బండి పక్కన కూర్చుని చక్రం వైపు చూశారు. చెవి పోతేనేం, కళ్ళు బాగానే ఉన్నాయి. తన చేత్తో బిగించిన నట్టు వెనక మర ఎంత బయట ఉండాలో ఆయనకి గోటితో కొలిచినంత లెక్క. అది లేదు. మొదట ముట్టుకున్నారు, తర్వాత లేచి నిలబడ్డారు. ఇది నా చెయ్యి కాదు, ఎవడు ముట్టుకున్నాడు అని చిట్టిని అడిగారు.

నేను కౌంటరు మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయాను. చిట్టి నా ముఖం చూశాడు. వాడు పిచ్చివాడు, మంచివాడు. ఎదురుగా చూపించాను బావా, అనేశాడు. బండి బాగానే ఉంది, వాడు ఊరికే కొంచెం వదులు చేశాడంతే, అని కూడా కలిపాడు. ఈ మాటలు ఆయనకి వినపడాలని కొంచెం గట్టిగానే అన్నాడు.

మా ఆయన ముఖం అలా అయిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. "మీ అక్కని కట్టుకున్నవాణ్ని కదట్రా నేను. నన్నొక్కమాట అడిగితే పోయేది కదా" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. పానా తీసుకుని నట్టు మళ్ళీ తన లెక్కకి బిగించేశారు, ఆ పానా చేతిలో పట్టుకునే రోడ్డు దాటారు.

ఎదురు షెడ్డువాడు బల్ల మీద బండితో కుస్తీ పడుతున్నాడు. నా పని మీద చెయ్యి ఎందుకు పెట్టావని ఆయన అడగడం నాకు ఇక్కడికి వినపడింది. వాడు చెడ్డవాడేం కాదు. నేను ముట్టుకోలేదు మేస్త్రీగారూ, ఆ బండి నా దగ్గరికే రాలేదు అన్నాడు. మామూలుగా, మర్యాదగా అన్నాడు. ఆయన ఏంటి అన్నారు. వాడు మళ్ళీ చెప్పాడు. ఆయన మళ్ళీ ఏంటి అన్నారు. వాడికి ఏం చెయ్యాలో తోచక కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆయన వాడి కాలరు పట్టుకున్నారు. ఆయన జీవితంలో ఎవరి కాలరూ పట్టుకున్న మనిషి కాదు.

నేను పరిగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, అతను ముట్టుకోలేదు, వదిలింది నేనే, ఇంటికి రండి అన్నాను. నెమ్మదిగా అన్నాను. అది నెమ్మదిగా చెప్పాల్సిన మాట. ఇంట్లో, దీపం దగ్గర, పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట.

"ఏంటి?" అన్నారు.

మళ్ళీ చెప్పాను, ఇంకొంచెం గట్టిగా.

"ఏంటే గొణుగుతావ్, నువ్వు కూడానా?" అన్నారు. అప్పటికి చిట్టి వచ్చాడు, బల్ల దగ్గర పనివాళ్ళు వచ్చారు, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. ఆయన పిడికిట్లో కాలరు ఇంకా అలాగే ఉంది. రెండో చేతిలో పానా ఉంది. నాకు వేరే దారి లేకపోయింది.

"వాళ్ళెవరూ ముట్టుకోలేదు. వదిలింది నేను. మీకు షూ సద్దు వినపడట్లేదు. ఎప్పట్నుంచో వినపడట్లేదు."

నా గొంతు ఎప్పుడూ చేసే పనే చేసింది. మలుపు దాకా వెళ్ళింది. గాలి మిషను ఎవరో కట్టేశారు. కిటికీలోంచి ఒకావిడ తల బయటికి పెట్టి, మళ్ళీ లోపలికి తీసుకుంది. ఇన్నేళ్ళలో ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూడలేదు.

ఆయన కాలరు వదిలేశారు. నలిగిన చోట చేత్తో సరిచేశారు కూడా. ఎదురు షెడ్డువాడు తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఆయన నా వైపు తిరిగి, ఏదో లెక్క తేలనట్టు, "మరి నా బళ్ళన్నీ ఈమధ్య సద్దు లేకుండా పోతున్నాయి కదే" అన్నారు.

కాసేపటికి ఆయనకే తెలిసింది.

ఎన్నిటికి వదిలావ్ అని అడిగారు. అన్నిటికీ అన్నాను. అర్థమైనట్టే తలూపి రోడ్డు దాటి వచ్చేశారు. చిట్టి బండి దగ్గర ఆగి, నట్టు మీద చెయ్యి వేసి, ఎంత వదలాలో చూసుకోబోయి ఆగిపోయారు. పానా నాకిచ్చి లోపలికి వెళ్ళారు. రాత్రి అన్నం తిన్నారు. నేను అడిగినవాటికి జవాబు చెప్పారు. ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున మామూలు వేళకే షెడ్డు తీశారు. గోనె దులిపి పరుచుకున్నారు. పానాలు వరసగా పేర్చుకున్నారు. ఇక ఎవరూ రారేమో అనుకున్నాను. లెక్కల మాస్టారు వచ్చారు. ప్రాణం లేచొచ్చింది నాకు. మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎదురు వెళ్ళారు. మాస్టారు బండికి స్టాండు వేసి, ఆయనకి నమస్కారం పెట్టి, ఆయన్ని దాటుకుని నా కౌంటరు దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ అలా చేసిన మనిషి కాదు.

"అమ్మా, ఆ టిక్కు టిక్కు ఇంకా వస్తోంది. ఎదురుగా ఒకసారి చూపిస్తే మేస్త్రీగారు ఏమైనా అనుకుంటారా?" అని నన్ను అడిగారు. పెద్దమనిషి. అడక్కుండా రోడ్డు దాటినా ఎవరు కాదంటారు? ఆయన మనసు నొప్పించకూడదని గొంతు తగ్గించి మరీ అడిగారు.

మా ఆయన మాస్టారి వెనక నిలబడి ఉన్నారు. ఒకసారి నా ముఖం, ఒకసారి మాస్టారి వీపు చూస్తున్నారు. మేము ఏదైనా సరదాకి అనుకుంటున్నామేమో అని, తాను వెనకబడకూడదని, ముందుగానే పెదాల మీద కొంచెం నవ్వు పెట్టుకున్నారు.

"చూపించుకోండి మాస్టారూ" అన్నాను. నెమ్మదిగానే అన్నాను.

మాస్టారు తలూపి బండి తీసుకుని రోడ్డు దాటారు. ఆయన అదే నవ్వుతో, నేను చెబుతానేమోనని, నా వైపు చూస్తూ నిలబడ్డారు.